అర్జినైన్ పొడి తాగితే అవయవాలకు రక్తం ఎక్కువ అందుతుందా?



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో పదో తరగతి చదివే ఒక బాబు వాళ్ల అమ్మగారు మార్కుల సంగతి మాట్లాడటం అయిపోయాక ఫోన్ తీసి ఒక ఫొటో చూపించారు. నల్లటి ప్లాస్టిక్ డబ్బా, దాని మీద మెరుపు గుర్తు. జిమ్‌కి వెళ్లే వాళ్ల అన్నయ్య ఇచ్చాడట.

"మేడమ్, కబడ్డీ ప్రాక్టీసుకు వెళ్లే ముందు వీడు రోజూ ఒక స్కూపు నీళ్లలో కలుపుకుని తాగుతున్నాడు. వెనక చదివితే ఎల్-అర్జినైన్ అని ఉంది. వీడు కడుపులో ఉన్నప్పుడు ఉమ్మనీరు తగ్గిందని డాక్టరమ్మ నాకు రాసిన సాచెట్ల మీద కూడా ఇదే పేరు ఉండేది. అప్పుడు మంచిదైంది ఇప్పుడు చెడ్డదెలా అవుతుంది? పోనీ వీడికి వద్దంటే మా మామగారికి కలిపిస్తాను. ఆయనకు ఆరు నెలల కింద గుండెపోటు వచ్చింది. రక్తప్రసరణ పెంచుతుందని డబ్బా మీదే రాశారు కదా" అన్నారు.

వెనక ఇంకా చాలామంది ఎదురు చూస్తున్నారు. నేను కూడా తొందరలో, "అమైనో ఆమ్లమే కదండీ, మన పప్పుల్లో ఉండేదే, ఫరవాలేదు" అనేశాను. ఇంటికి వెళ్లాక ఆ మాట గుచ్చుకుంది. పుస్తకాలు, పరిశోధన పత్రాలు తీసి చదివాను. ఒకచోటికి వచ్చేసరికి చదవడం ఆపి ముందు ఆవిడకు ఫోన్ చేశాను. ఆ ఒకచోటు ఏమిటో కింద చెబుతాను. ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం చాలా మంచిది. అందుకే ఈ నెల పాఠం దాని మీదే. మీ పిల్లలు జీవశాస్త్రంలో చదివే ప్రసరణ, విసర్జన పాఠాలకు కూడా ఇది పనికొస్తుంది. వీలైతే పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

అర్జినైన్ అంటే ఏమిటి?

మన శరీరంలోని ప్రొటీన్లు 20 రకాల అమైనో ఆమ్లాలతో తయారవుతాయి. వాటిలో అర్జినైన్ ఒకటి. దీన్ని 1886లో ఎర్నెస్ట్ షుల్జ్, ఎర్నెస్ట్ స్టైగర్ అనే శాస్త్రవేత్తలు లూపిన్ అనే చిక్కుడు జాతి మొక్క మొలకల నుంచి వేరుచేశారు. పేరు ముందుండే 'ఎల్' అనే అక్షరం ఆ అణువు ఆకృతిని తెలిపే గుర్తు. ప్రకృతిలో, మన ఆహారంలో ఉండేది ఆ ఆకృతే.

వేరుశనగ పప్పులో 100 గ్రాములకు సుమారు 3 గ్రాముల అర్జినైన్ ఉంటుంది. గుమ్మడి గింజల్లో సుమారు 5 గ్రాములు. నువ్వులు, కందిపప్పు, శనగలు, సోయా, గుడ్డు, చేప, మాంసం అన్నింటిలోనూ ఉంటుంది. మామూలు భోజనం చేసే పెద్దవారికి రోజుకు 4 నుంచి 6 గ్రాముల దాకా తిండి నుంచే అందుతుంది. ఇది చాలక, మన మూత్రపిండాలు సిట్రులిన్ అనే మరో అమైనో ఆమ్లం నుంచి సొంతంగా అర్జినైన్ తయారు చేసుకుంటాయి. సిట్రులిన్ పేరు పుచ్చకాయ శాస్త్రీయ నామం సిట్రుల్లస్ నుంచి వచ్చింది. మొదట దొరికింది పుచ్చకాయలోనే.

కాబట్టి మామూలుగా తిని తిరిగే పిల్లవాడి ఒంట్లో అర్జినైన్ లేకపోవడం అనేది ఉండదు. ఇది మొదటి విషయం.

ఒక వాయువు చేసే పని

మరి రక్తప్రసరణతో దీనికి సంబంధం ఏమిటి? ఇది తెలియడానికి శాస్త్రవేత్తలకు చాలా ఏళ్లు పట్టింది.

గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లు ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే మాత్ర మీకు తెలిసే ఉంటుంది. ఈ రకం మందుల్లో పాతది నైట్రోగ్లిజరిన్. డైనమైట్‌లో వాడే పదార్థం కూడా అదే. డైనమైట్ కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కు చివరి రోజుల్లో గుండె జబ్బు వస్తే డాక్టర్లు ఆ నైట్రోగ్లిజరిన్‌నే మందుగా సూచించారు. నొప్పి ఎలా తగ్గుతుందో మాత్రం అప్పట్లో ఎవరికీ తెలియదు.

1977లో ఫెరిడ్ మురాద్ ఈ మందు నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు వెలువడుతుందని, అదే రక్తనాళం గోడలోని కండరాన్ని వదులు చేస్తుందని చూపించారు. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు ధమని ముక్కలతో ప్రయోగం చేశారు. ధమని లోపలి పొర చెక్కుచెదరకుండా ఉంటే ఎసిటైల్‌కోలిన్ వేసినప్పుడు అది వదులైంది. లోపలి పొరను రుద్ది తీసేస్తే వదులు కాలేదు. అంటే ఆ పొర నుంచి ఏదో సందేశం కండరానికి వెళుతోంది. ఆ సందేశం నైట్రిక్ ఆక్సైడేనని ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో ప్రతిపాదించారు. 1987లో అది రుజువైంది. ఆ మరుసటి ఏడాది, రక్తనాళం లోపలి పొర ఈ వాయువును అర్జినైన్ నుంచే తయారు చేస్తుందని సాల్వడార్ మొంకాడా బృందం చూపించింది. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ ముగ్గురికీ వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

మన వాహనాల పొగలో కాలుష్యంగా లెక్కపెట్టే వాయువుల్లో నైట్రిక్ ఆక్సైడ్ ఒకటి. అదే వాయువు రక్తనాళంలో అతి కొద్ది మోతాదులో పుట్టి, కొన్ని సెకన్లు మాత్రమే ఉండి, నాళాన్ని వెడల్పు చేసి మాయమవుతుంది.

నాళం కొంచెం వెడల్పయితే ఏమవుతుంది? ఇక్కడ ఒక లెక్క ఉంది, పిల్లలకు నచ్చుతుంది. మిగతావన్నీ మారకుండా ఉంటే, గొట్టంలో ప్రవాహం దాని వ్యాసార్థం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. వ్యాసార్థం 10 శాతం పెరిగితే 1.1ను నాలుగుసార్లు గుణించాలి. 1.46 వస్తుంది. అంటే ప్రవాహం 46 శాతం పెరుగుతుంది. వ్యాసార్థం రెట్టింపైతే ప్రవాహం 16 రెట్లు. అందుకే శరీరం గుండెను మరీ కష్టపెట్టకుండా, నాళాల వెడల్పును కాస్త అటూ ఇటూ మార్చి రక్తాన్ని కావలసినచోటికి పంపుతుంది.

రక్తం పంచే తీరు

విశ్రాంతిగా ఉన్న పెద్ద మనిషి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపు చేస్తుంది. రెండు మూత్రపిండాలూ కలిపి 300 గ్రాముల బరువే ఉంటాయి కానీ అందులో ఐదో వంతు వాటికే వెళుతుంది. మెదడుకు సుమారు 15 శాతం. కాలేయం, పేగులు కలిపి దాదాపు పావు వంతు. కండరాలకు విశ్రాంతిలో 15 నుంచి 20 శాతం చాలు. కానీ గట్టిగా పరిగెత్తినప్పుడు కండరాల వాటా 80 శాతం దాటుతుంది, గుండె పంపు చేసే రక్తమూ కొన్ని రెట్లు పెరుగుతుంది.

అన్నం తిన్నాక పేగులకు, ఎండలో చర్మానికి, ఆటలో కాళ్లకు ఎక్కువ రక్తం వెళుతుంది. నిమిష నిమిషానికి మారే పంపకం ఇది. ఇంట్లో అన్ని కుళాయిలూ ఒకేసారి పూర్తిగా తిప్పేస్తే ఏ కుళాయిలోనూ నీళ్లు సరిగా రావు. ట్యాంకు అదే, నీళ్లు అవే. రక్తనాళాలన్నీ ఒకేసారి వదులైతే కూడా అంతే. ప్రవాహం పెరగడానికి బదులు బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. అందుకే డబ్బా మీద "రక్తప్రసరణ పెంచుతుంది" అని చదివినప్పుడు మనం అడగాల్సిన మొదటి ప్రశ్న: ఎక్కడ? ఎవరిలో?

నోట్లో వేసుకున్నది ఎంత దూరం వెళుతుంది?

ఆరోగ్యంగా ఉన్న వ్యక్తికి ఆసుపత్రిలో సిర ద్వారా 30 గ్రాముల అర్జినైన్ ఎక్కిస్తే నాళాలు వదులవుతాయి, బీపీ తగ్గుతుంది, మూత్రపిండాలకు రక్తం పెరుగుతుంది. ఇది నిజమే. కానీ అది సెలైన్ బాటిల్‌తో, పక్కన డాక్టర్ ఉండగా చేసేది.

నోటితో తీసుకుంటే దారి వేరు. పేగుల్లో, కాలేయంలో ఆర్జినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది చాలా భాగాన్ని రక్తంలోకి వెళ్లకముందే విడగొట్టి యూరియాగా మార్చేస్తుంది. విసర్జన పాఠంలో పిల్లలు చదివే యూరియా ఇదే. పైగా, ఆరోగ్యవంతుల రక్తనాళాల కణాల్లో నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేసే ఎంజైమ్‌కు కావలసినదానికన్నా ఎక్కువ అర్జినైన్ ముందే ఉంటుంది. కడుపు నిండిన పిల్లాడికి ఇంకో పళ్లెం వడ్డించినట్టే. అందుకే ఆరోగ్యవంతులైన యువకుల్లో, ఆటగాళ్లలో చేసిన చాలా పరీక్షల్లో మామూలు మోతాదు పొడితో రక్త ప్రవాహంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లలో కొంత ప్రభావం కనిపిస్తుంది. 2011లో 11 పరీక్షల ఫలితాలను కలిపి చూస్తే బీపీ పై సంఖ్య సగటున 5, కింది సంఖ్య సగటున 3 దాకా తగ్గింది. కాబట్టి ఇది నీళ్లలాంటి పదార్థం కాదు, ఒంటి మీద పనిచేస్తుంది. పనిచేసేదే కనుక జాగ్రత్త కూడా కావాలి. బీపీ మందులు, నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడేవారు దీన్ని తోడు చేస్తే బీపీ మరీ పడిపోవచ్చు.

ఒక్కో అవయవం సంగతి

కండరాలు: ఆడేటప్పుడు కండరం తనకు కావలసిన రక్తాన్ని తానే రప్పించుకుంటుంది. పనిచేసే కండరం వెలువరించే పదార్థాలే దగ్గరి నాళాలను వెడల్పు చేస్తాయి. జిమ్ కుర్రాళ్లు చెప్పే 'పంప్', అంటే కండరం ఉబ్బినట్టు అనిపించడం, వ్యాయామం వల్లే వస్తుంది.

మెదడు: "ఫోకస్ పెరుగుతుంది" అని కూడా కొన్ని డబ్బాల మీద ఉంటుంది. పరీక్షల కాలంలో ఈ మాట మన మనసు లాగుతుంది. కానీ బీపీ కొంత పెరిగినా తగ్గినా మెదడు తన రక్త ప్రవాహాన్ని దాదాపు ఒకే స్థాయిలో నిలబెట్టుకుంటుంది. మెదడులో పనిచేస్తున్న భాగానికి ఎక్కువ రక్తం పంపడం కూడా అదే చూసుకుంటుంది. ఆ పొడి తాగాక చురుగ్గా అనిపిస్తే, చాలావరకు అది అందులో కలిపిన కెఫీన్ పని. ఆటకు ముందు తాగే ఇలాంటి పొడుల్లో చాలావాటిలో స్కూపుకు 150 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఒక కప్పు కాఫీలో ఉండేది సుమారు 100. సాయంత్రం ఆరింటికి అది తాగిన పిల్లవాడికి రాత్రి పదకొండింటికి నిద్ర పట్టకపోతే ఆశ్చర్యం ఏముంది?

మాయ: ఇక అమ్మగారి సాచెట్ల సంగతి. కడుపులో బిడ్డకు రక్తం నుంచి ఆహారం, ఆక్సిజన్ అందించేది మాయ, అంటే జరాయువు. అక్కడి నాళాలు సరిగా వెడల్పు కాకపోతే బిడ్డ ఎదుగుదల తగ్గుతుంది, తల్లికి బీపీ పెరగవచ్చు. అందుకే మన దగ్గర కొందరు గైనకాలజిస్టులు అర్జినైన్ సాచెట్లు రాస్తారు. దీనికి కొంత ఆధారం ఉంది. మెక్సికోలో ప్రీ-ఎక్లాంప్సియా ప్రమాదం ఎక్కువగా ఉన్న 672 మంది గర్భిణులతో చేసిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. గర్భిణులకు బీపీ పెరిగి తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి తెచ్చే స్థితి అది. ఉత్తుత్తి బార్లు తిన్నవారిలో 30 శాతం మందికి అది వచ్చింది. అర్జినైన్, విటమిన్లు రెండూ ఉన్న బార్లు తిన్నవారిలో సుమారు 13 శాతం మందికే వచ్చింది. విటమిన్లు మాత్రమే ఉన్న బార్లతో అంత స్పష్టమైన మేలు కనిపించలేదు.

గమనించండి. అక్కడ ఒక ఫలానా ఇబ్బంది ఉంది, ఒక ఫలానా అవయవం ఉంది, స్కాన్ చేసి చూసే డాక్టర్ ఉన్నారు, ఆపాల్సిన రోజు ఉంది. కబడ్డీ ఆడే పదిహేనేళ్ల అబ్బాయికి వీటిలో ఏదీ లేదు. పదార్థం అదే, సందర్భం వేరు.

గుండె: నేను చదవడం ఆపి ఫోన్ చేసింది ఇక్కడే. గుండెపోటు తర్వాత నాళాలు గట్టిపడతాయి కాబట్టి అర్జినైన్ ఇస్తే గుండెకు మేలు జరుగుతుందని అమెరికాలో డాక్టర్లు కూడా అనుకున్నారు. మా విద్యార్థి వాళ్ల అమ్మగారు అనుకున్నట్టే. 153 మంది గుండెపోటు రోగులను రెండు గుంపులుగా చేశారు. మామూలు మందులతో పాటు ఒక గుంపుకు రోజుకు 9 గ్రాముల దాకా అర్జినైన్, రెండో గుంపుకు మందు లేని ఉత్తుత్తి మాత్రలు, ఆరు నెలల పాటు ఇవ్వాలని ప్రణాళిక. నాళాల గట్టిదనం తగ్గలేదు. గుండె పంపు చేసే శక్తి పెరగలేదు. పైగా అర్జినైన్ గుంపులో ఆరుగురు చనిపోయారు. రెండో గుంపులో ఒక్కరూ చనిపోలేదు. పరీక్షను మధ్యలోనే ఆపేశారు. 2006లో ఆ ఫలితాలు ప్రచురించి, గుండెపోటు వచ్చినవారికి అర్జినైన్ ఇవ్వకూడదని రాశారు.

ఆ వాక్యం చదివాక రాత్రి తొమ్మిదిన్నరకు ఆవిడకు ఫోన్ చేసి, "అమ్మా, పొద్దున నేను చెప్పింది తప్పు. మామగారికి ఇవ్వకండి" అన్నాను. "రేపు పాలలో కలిపిద్దామనుకున్నాను మేడమ్" అన్నారు. ఆ తర్వాత నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. టీచర్ చెప్పారంటే తల్లిదండ్రులు నమ్ముతారు. తెలియని ప్రశ్న వస్తే "చదివి చెబుతాను" అనడం సిగ్గుపడాల్సిన విషయం కాదని ఆ రాత్రి నేర్చుకున్నాను.

మరి పిల్లల విషయంలో ఏం చేద్దాం?

నేను టీచర్‌ని, డాక్టర్‌ని కాను. కాబట్టి మందుల సలహా ఇవ్వను. చదువుకున్న మనిషిగా ఎవరైనా చూడగలిగిన కొన్ని విషయాలు మాత్రం చెబుతాను.

మొదటిది, డబ్బా వెనక చదవండి. మన దేశంలో ఇలాంటి వాటిపై ఆహార భద్రతా సంస్థ లైసెన్సు నంబరు 14 అంకెలతో ఉండాలి. "ఔషధ వినియోగానికి కాదు" అని ఇంగ్లిష్‌లో రాసి ఉండాలి. ముందువైపు గుండె బొమ్మ వేసి వెనక ఈ మాట రాసి ఉంటే, ఏది నమ్మాలో మీకే తెలుస్తుంది. స్కూపుకు కెఫీన్ ఎంతో కూడా చూడండి.

రెండోది, "పొడవు పెరుగుతారు" అనే మాట. ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లలకు ఆసుపత్రిలో సిర ద్వారా అర్జినైన్ ఎక్కించి గ్రోత్ హార్మోన్ ఎంత వస్తుందో కొలిచే పరీక్ష ఒకటి ఉంది. అది కొలిచే పరీక్ష, పొడవు పెంచే చికిత్స కాదు. ఎదుగుదల మీద అనుమానం ఉంటే పిల్లల డాక్టర్‌ని కలవండి.

మూడోది, వంటిల్లు. ఒక గుప్పెడు వేయించిన పల్లీల్లో దాదాపు ఒక గ్రాము అర్జినైన్, దానితో పాటు మిగతా అమైనో ఆమ్లాలు, పీచు, మంచి కొవ్వు ఉంటాయి. పల్లీ చిక్కీ, నువ్వుండ, పప్పన్నం, గుగ్గిళ్లు కూడా అలాంటివే. పాలకూర, తోటకూర, బీట్‌రూట్‌లో ఉండే నైట్రేట్‌ను మన నోట్లోని బాక్టీరియా మార్చి, నైట్రిక్ ఆక్సైడ్ తయారయ్యే ఇంకో దారి తెరుస్తాయి. పల్లీల అలర్జీ ఉన్న పిల్లలు మాత్రం వాటికి దూరంగా ఉండాలి.

నాలుగోది, ఆట. పరిగెత్తే రక్తం నాళం లోపలి పొరను ఒరుసుకుంటూ వెళ్లినప్పుడు ఆ పొర ఎక్కువ నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేస్తుంది. అంటే రోజూ ఒక గంట ఆడుకోవడమే రక్తనాళాలకు అసలైన సప్లిమెంట్. దయచేసి పదో తరగతి పిల్లలను కూడా గ్రౌండ్‌కి పంపించండి.

ఇంట్లో చేసి చూడండి

ఒకటి: మీ బాబు లేదా పాప చేతి బొటనవేలి గోరును ఐదు సెకన్లు నొక్కి వదలండి. గోరు కింద తెల్లబడి మళ్లీ గులాబీ రంగు వస్తుంది. మామూలుగా రెండు సెకన్లలోపే వస్తుంది. అది రక్తకేశనాళికలు మళ్లీ నిండటం.

రెండు: మణికట్టు దగ్గర నాడి పట్టుకుని 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. తర్వాత రెండు నిమిషాలు తాడాట ఆడించి మళ్లీ లెక్కపెట్టండి. ఐదు నిమిషాల విశ్రాంతి తర్వాత మూడోసారి. మూడు అంకెలూ నోట్‌బుక్‌లో రాయించండి.

మూడు: ఇంట్లో ఉన్న ఏదైనా హెల్త్ పౌడర్ డబ్బా తెచ్చి, ముందు రాసినదీ వెనక రాసినదీ పిల్లల చేతే రెండు వరుసల్లో రాయించండి. ఆ కాగితం మా క్లాసుకు పంపండి, బోర్డు మీద పెడతాం.

ఆ బాబు డబ్బా మానేశాడు. కెఫీన్ సంగతి వాళ్ల అన్నయ్యకు వాడే చెప్పాడట. తాతగారు మొన్న చెకప్‌కు వెళ్లినప్పుడు అమ్మగారు ఆ డబ్బా ఫొటో డాక్టర్‌కి చూపించారు. ఆయన కూడా వద్దనే చెప్పారట. మీ ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఏదైనా ఉంటే, తాగేవాళ్ల వయసు, వాడుతున్న మందుల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని డాక్టర్‌ని ఒకసారి అడగండి. నన్ను అడిగినా సరే. ఈసారి చదివాకే చెబుతాను.

ఇట్లు,
మీ పిల్లల జీవశాస్త్రం టీచర్